కారణం చెప్పనక్కరలేదు

పదకొండు పేజీల అంగీకార పత్రం.
నాలుగో పేజీలో, కింద నుంచి రెండో వాక్యం:
"ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా
మీరు ఈ అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు."
ముప్పై తొమ్మిదేళ్లలో ఎవరూ నాకిలా రాసివ్వలేదు.
మేనత్త కూతురి పెళ్లిలో, బ్యాండుమేళం పక్క కుర్చీలోంచి
లేవబోతే మోకాలి మీద పడిన చెయ్యి గుర్తొచ్చింది.
ఎవరి చెయ్యో గుర్తులేదు. బరువు గుర్తుంది.
మూడుసార్లు చదివాను.
"ఏమైనా అనుమానమా?" అన్నారు హిమజ గారు.
లేదండీ, వాక్యం బాగుంది, అన్నాను.
సంతకం పెట్టాను.

అమ్మకి చెప్తే,
"ఏటి, ఒంట్లో బాగోలేదేటి?"
బానే ఉంది.
"మరెందుకా పరీక్షలు? డబ్బులిస్తారేటి?"
ఆటో ఖర్చులిస్తారు. నేను బస్సులో వెళ్తాను.
గిన్నె మీద మూత పడిన చప్పుడును బట్టి
అది కోపం కాదు, భయమని తెలిసింది.

తెర మీద ముఖాలొచ్చాయి, అరవై.
ఒక్కటీ మన ఊరిది కాదు.
కోపమా, దిగులా, అసహ్యమా, మీట నొక్కండి.
వాళ్ల చేతుల్లో గిన్నెల్లేవు, మూతల్లేవు.
పెదజాలరిపేట ఎర్రమ్మ ముఖం పెట్టి ఉంటే,
ముఖం కూడా అక్కర్లేదు, బుట్ట దించే తీరు చాలు,
ఇవాళ వల ఖాళీగా వచ్చిందని చెప్పేవాణ్ని.
ఎన్ని తప్పో చెప్పకూడదట. నియమం.

ప్రశ్న ఇరవై మూడు:
"ఇతరుల బూట్లలో మిమ్మల్ని మీరు ఊహించుకోగలరా?"
ఎవరి బూట్లు? ఏ సైజు?
హిమజ గారు నవ్వు ఆపుకోలేకపోయారు.
అనువాదమండీ, ఎవరో ఎక్కడో చేశారు, అన్నారు.
అంచున పెన్సిలుతో రాశాను:
మనవైపు ఒకరి బూట్లలో ఇంకొకరు దూరరు.
చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు.

నా పని పోర్టులో. ఆటుపోట్ల కొలత.
గంటకోసారి నీటిమట్టం రాస్తాను, సెంటీమీటర్లలో.
పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ
ఎందుకింత ఎత్తున ఉన్నావని సముద్రాన్ని అడగలేదు.
ఆ మధ్యాహ్నం నా తలకి టోపీ తొడిగి
అరవై నాలుగు తీగలు, తీగకో చల్లటి జిగురు చుక్క,
ప్రతి చుక్కకీ ముందు "పెడుతున్నాను" అని చెప్పి మరీ పెట్టారు.
చూడొచ్చా అన్నాను. తెర నా వైపు తిప్పారు.
వంకరేమీ కనిపించలేదు.
అలలే.

చప్పుడు రాని గది అన్నారు.
ఏసీ మూలుగుతోంది, ట్యూబులైటు ఇంకో శ్రుతిలో.
పన్నెండూ నలభైకి ఔటర్ హార్బర్‌లో ఓడ కూసింది.
ఆవిడకి వినపడలేదు. టైము రాసుకున్నారు.
సాయంత్రం ఫోన్ చేసి కనుక్కున్నారట:
"నిజమేనండీ!"
నిజమని నాకు పన్నెండూ నలభైకే తెలుసు.

ఎందుకొచ్చారని మాత్రం అడగలేదు.
పోయిన జూన్‌లో, ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో, జగదాంబ దగ్గర,
ఐదేళ్ల గుంటడొకడు చెవులు మూసుకుని
సీటు కిందికి జారిపోయాడు.
బస్సంతా తలో సలహా.
తల్లి ఒక్కటి వేసింది,
తరవాత ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంది.
నాకు తెలుసు. కండక్టరు విజిలు, బ్రేకు, బట్టల కొట్టు స్పీకరు,
మూడూ ఒక్కచోట కలిస్తే ఎక్కడ గుచ్చుకుంటుందో.
చెప్దామని నోరు తెరిచాను.
తెరిచే ఉంది, నా స్టాపు దాటి ఇంకో రెండు స్టాపులు.
మాట రానప్పుడు
కొలతైనా ఇవ్వొచ్చు కదా.

తల కడుక్కోమన్నారు. ఆ షాంపూ వాసన నాకు పడదు.
అలాగే బీచ్ రోడ్డు మీద నడిచాను,
జుట్టు ముళ్లుముళ్లుగా.
మొక్కజొన్న కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి,
"ఏటి బావూ, రంగులాడొచ్చావేటి?"
పరిశోధనకి వెళ్లొచ్చాను.
"దేని మీద?"
నా మీద.
ఓ క్షణం చూసి, లేత కంకి ఏరి నిప్పుల మీద పెట్టింది.

శనివారం మళ్లీ రమ్మన్నారు.
ఆ రోజు పోటు నాలుగూ పదికి.
ఈలోగా వచ్చేస్తాను.